జీతం లేని తొలి కొలువు

పిల్లలూ, తెలుగులో యాత్రల పుస్తకం అనగానే ముందుగా గుర్తొచ్చే పేరు ఏనుగుల వీరాస్వామయ్య గారిది. ఆయన కాశీయాత్ర చరిత్ర గురించి మీలో పెద్ద తరగతుల వాళ్లు వినే ఉంటారు. అయితే అందులో మనకు కనిపించే వీరాస్వామయ్య గారు అప్పటికే పెద్దమనిషి. పల్లకి ఉంది, వెంట పరివారం ఉంది, సుప్రీంకోర్టులో మంచి ఉద్యోగం ఉంది. మేం ఈసారి చెప్పదలచుకున్నది అంతకు చాలా ముందు సంగతి. ఆయన సరిగ్గా మీ ఈడులో ఉండి మొదటి కొలువులో చేరినప్పటి సంగతి.

ఆయన 1780 ప్రాంతంలో చెన్నపట్నంలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. నేటి చెన్నై అదే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషు. గుమ్మం దాటితే ఒక భాష, కోట దాటితే ఇంకో భాష. ఈ పరిస్థితి మీకు వింతగా ఉండదని మాకు తెలుసు. క్వార్టర్స్‌లో తెలుగు, బడిలో హిందీ, తోంగ్‌పాల్ సంతలో హల్బీ వింటూ పెరుగుతున్న వాళ్లు మీరు.

వీరాస్వామయ్యకు 9 ఏళ్లప్పుడు తండ్రి చనిపోయారు. ఆ కాలంలో పింఛను లేదు, తండ్రి ఉద్యోగం కొడుక్కి ఇచ్చే పద్ధతి ఏదీ ఆ ఇంటిని ఆదుకోలేదు. ఆ పిల్లవాడు చేతిలోకి తీసుకున్న పనిముట్టు ఒక భాష. 12 ఏళ్లు వచ్చేసరికి ఇంగ్లీషు ధారాళంగా చదవడం, మాట్లాడడం నేర్చుకున్నాడు. ఇది చదవగానే మీకు పెద్దగా ఏమీ అనిపించకపోవచ్చు. ఒక్క విషయం చెప్తాం, అప్పుడు తెలుస్తుంది. మనం ఇవాళ్టికీ తిరగేసే బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. అంటే ఈ పిల్లవాడు కొలువులో చేరిన సుమారు 60 ఏళ్ల తరవాత. మాట తెలియకపోతే వెతుక్కోవడానికి పుస్తకం లేదు. మనుషుల నోటి నుంచి వినాలి, పట్టుకోవాలి, గుర్తుపెట్టుకోవాలి.

ఆ ఇంగ్లీషుతోనే ఈస్టిండియా కంపెనీ వారి బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో చేరాడు. కంపెనీ వ్యాపారం చూసే కార్యాలయం అది. మన తీరంలో నేసిన బట్టలు కొని ఓడలకెత్తి సీమకు పంపడం అప్పట్లో పెద్ద వ్యాపారం. అక్కడ ఈ కుర్రవాడి హోదా వాలంటీరు. ఇప్పుడు వాలంటీరు అంటే స్వచ్ఛంద సేవకుడు అనుకుంటాం. అప్పుడు ఆ మాటకు అర్థం వేరు. జీతం ఉండదు. పెద్దల పక్కన కూర్చుని పని నేర్చుకోవాలి. ఎక్కడైనా ఖాళీ వస్తే, మన పని బాగుందని ఎవరికైనా అనిపిస్తే, ఉద్యోగం వస్తుంది. తండ్రి లేని ఇంటి నుంచి ఒక పిల్లవాడు రోజూ జీతం లేని కొలువుకు వెళ్లడమంటే ఆ ఇల్లు ఎంత ఓపిక పట్టి ఉంటుందో మీ అమ్మను అడగండి, ఆమె చెప్పగలదు.

ఆ ఓపిక ఫలించింది. తరవాత ఆయనకు తిరునల్వేలిలో, కలెక్టరు కచేరీలో దుబాసీ ఉద్యోగం వచ్చింది. ఇంకా మీసాలు రాని వయసు. చెన్నపట్నానికి తిరునల్వేలి సుమారు 600 కిలోమీటర్లు. దక్షిణాదిలో మొదటి రైలు నడిచింది 1856లో, కాబట్టి ఆ దూరం ఎడ్లబండ్ల, కాలినడకల లెక్కలో చూసుకోవాలి. మీ నాన్నకు బదిలీ అయితే మీరు వెంట వెళ్తారు. ఆ కుర్రవాడికి తన ఉద్యోగంలోనే బదిలీ అయినట్టయింది.

దుబాసీ అన్న మాటను విడదీయండి, హిందీ చదివే మీకు సులువే. దో, భాషీ. రెండు భాషలవాడు. దొరకు రైతు మాట తెలియదు, రైతుకు దొర మాట తెలియదు. మధ్యలో నిలబడ్డవాడు ఏం చెబితే అదే ఇద్దరికీ నిజం. కలెక్టరు కచేరీ అంటే శిస్తుల లెక్క. పొలం ఎండిందా పండిందా, బాకీ ఎంత, గడువు ఎంత. ఒక మాట జారితే ఒక కుటుంబం ఎడ్లను అమ్ముకోవాలి. పైగా ఆ రోజులు మామూలు రోజులు కావు. తిరునల్వేలి సీమలో పాలెగాళ్లకూ కంపెనీకీ కప్పం దగ్గర తగువులు ముదురుతున్న కాలం అది. ఆ పాలెగాళ్లలో ఇంట్లో తెలుగు మాట్లాడే వంశాలూ ఉన్నాయి. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన నాయకుడిది అలాంటి వంశమే, ఆయనను 1799లో కంపెనీ వారు ఉరితీశారు.

మాట మార్చడంలో చిక్కు ఎక్కడ ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. కాస్త చూసి చెయ్యండి అని మనవాళ్లు అంటారు. చూడడమూ చెయ్యడమూ రెండూ అందులో లేవు. దయ చూపండి, తగ్గించండి, నన్ను పైకి అడిగేలా చెయ్యకండి, ఇవన్నీ ఉన్నాయి. దీన్ని ఇంగ్లీషులోకో హిందీలోకో మార్చి చూడండి! ఆసుపత్రిలో మీలో కొందరు ఈ పని చేస్తుంటే మేం చూశాం. అమ్మ తెలుగులో తలనొప్పి చెబుతుంది, ఆరో తరగతి పిల్ల దాన్ని డాక్టరుగారికి హిందీలో అందిస్తుంది. సలుపుతోందా, గుంజుతోందా, పోటు పొడుస్తోందా, మంట పుడుతోందా? తెలుగులో నాలుగూ నాలుగు నొప్పులు. అన్నిటికీ దర్ద్ అనేసి ఊరుకుంటే డాక్టరుగారు ఇచ్చే మాత్ర వేరు కావచ్చు. అందుకే ఆ పిల్ల అమ్మను మళ్లీ అడిగి, చేత్తో నుదుటి మీద చూపించి చెప్పింది. దుబాసీ పని అంటే అదే.

ఈ పనికి ఇంకో ముఖం కూడా ఉంది, దాచకూడదు. చెన్నపట్నం దుబాసీలలో బాగా డబ్బు గడించినవాళ్లు, మాటను అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. గవర్నరు పదవి నడిపిన హాలండ్ సోదరుల దగ్గర దుబాసీగా చక్రం తిప్పిన అవధానం పాపయ్య, హాలిబర్టన్ అనే కంపెనీ అధికారి మీద కుట్ర చేశాడన్న కేసులో 1792లో విచారణకు నిలబడ్డాడు. నేరం రుజువైంది. వీరాస్వామయ్య జీతం లేకుండా పని నేర్చుకుంటున్న రోజులు కూడా దాదాపు అవే. ఊరంతా దుబాసీలను అనుమానంగా చూస్తున్నప్పుడు ఒక కుర్రవాడు అదే వృత్తిలో అడుగుపెట్టాడు. ఆయన ఎక్కువగా సంపాదించుకున్నది నమ్మకం అని మా అభిప్రాయం. లేకపోతే తరవాతి కథ జరిగేది కాదు.

ఆ కథ మీకు తెలిసిందే కనుక త్వరగా చెప్తాం. రెండేళ్లకు తిరునల్వేలి నుంచి చెన్నపట్నం తిరిగి వచ్చారు. వేరే వేరే ఉద్యోగాలు చేశారు. 1801లో అక్కడ సుప్రీంకోర్టు ఏర్పడింది. కొంతకాలానికి ఆ కోర్టులోనే హెడ్ ఇంటర్‌ప్రిటర్ అయ్యారు, అంటే దుబాసీలందరికీ పెద్ద. సాక్షి చెప్పిన మాట న్యాయమూర్తి చెవికి మారిపోకుండా చేర్చే బాధ్యత. 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. దారిలో చూసినదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి రాసి పంపుతూ వచ్చారు. ఆ రాతల్లో గుళ్లూ గోపురాలే కాదు, ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ దినుసులు దొరుకుతాయి, దారి ఎలా ఉంది, అక్కడి జనం మాట తీరేమిటి, అన్నీ ఉన్నాయి. గ్రాంథికం కాదు, కచేరీ మాటలు కలిసిన వాడుక తెలుగు. పన్నెండో ఏట నుంచి చెవి ఒగ్గి వినడమే బతుకుతెరువు అయినవాడు అలా కాక ఇంకెలా రాస్తాడు?

ఆయన 1836 అక్టోబరు 3న కన్నుమూశారు. 1838లో శ్రీనివాస పిళ్లె గారు ఆ పుస్తకాన్ని అచ్చు వేయించారు. 1941లో దిగవల్లి వెంకట శివరావు గారు మళ్లీ వెలుగులోకి తెచ్చారు.

మొన్న ఏడో తరగతిలో పటం పరిచి ఆయన దారిని పెన్సిలుతో గీశాం. వెళ్లేటప్పుడు కడప, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ. వచ్చేటప్పుడు కలకత్తా, పూరీ, తరవాత మన సముద్రతీరం. గీత పూర్తయ్యాక చూస్తే బస్తర్ సరిగ్గా మధ్యలో ఉంది. పడమటి వైపు నుంచి వెళ్లారు, తూర్పు వైపు నుంచి వచ్చారు. జగ్దల్‌పూర్ నుంచి తోంగ్‌పాల్, సుక్మా, కోంటా మీదుగా భద్రాచలం వైపు దిగే మన దారి ఆయన పుస్తకంలో లేదు. ఇక్కడి సంతలో ఇప్పపువ్వు ఎలా కొలుస్తారో, చింతపండు ఎవరు కొంటారో, ధుర్వా వాళ్లూ గోండు వాళ్లూ బేరమాడుకునేటప్పుడు ఏ భాషలోకి వస్తారో ఆయన రాయలేదు. ధుర్వా, గోండీ రెండూ తెలుగుకు చుట్టాలే కాబట్టి, చెవి పెడితే మీకు కొన్ని మాటలు దొరుకుతాయి. వచ్చే సంతకు వెళ్లేవాళ్లు ఒక చిన్న నోటుపుస్తకం జేబులో పెట్టుకోండి. ఒక్కొక్కరు రెండేసి పేజీలు రాసినా చాలు, వచ్చే సంచికలో తెలుగు విభాగానికి చోటు అడిగి పెట్టాం.