మైక్ హాథార్న్: చనిపోయిన స్నేహితుడి కారు బ్రేకులు.. ఒక్క పాయింట్‌తో ప్రపంచ టైటిల్!

ఫార్ములా వన్ చరిత్రలో బ్రిటన్‌కు తొలి ప్రపంచ ఛాంపియన్ ఎవరు? చాలామంది స్టిర్లింగ్ మాస్ పేరు చెప్పేస్తారు. కానీ కాదు. ఆ ఘనత మైక్ హాథార్న్‌ది. 1958లో మాస్ నాలుగు రేసులు గెలిచారు. హాథార్న్ గెలిచింది ఒక్కటే. అయినా 42-41 తేడాతో, అంటే ఒకే ఒక్క పాయింట్‌తో టైటిల్ హాథార్న్‌కు దక్కింది. ఆ సీజన్ చివర్లో ఆయన కారుకు బిగించిన కొత్త బ్రేకుల వెనక పెద్ద కథే ఉంది. ఆ బ్రేకులు ఆయన ప్రాణ స్నేహితుడి సొంత కారువి. అప్పటికి ఆ స్నేహితుడు బతికి లేడు.

గ్యారేజీలో పెరిగిన కుర్రాడు

హాథార్న్ 1929 ఏప్రిల్ 10న ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ప్రాంతంలో మెక్స్‌బరోలో పుట్టారు. తండ్రి లెస్లీకి ఫార్న్‌హామ్‌లో సొంత గ్యారేజీ ఉండేది. దాంతో చిన్నప్పటి నుంచీ ఇంజిన్ ఆయిల్ వాసన మధ్యే పెరిగారు. గిల్డ్‌ఫర్డ్‌లో లారీలు, బస్సులు తయారుచేసే డెన్నిస్ కంపెనీలో అప్రెంటిస్‌గా పనిచేశారు. అంటే నడపడమే కాదు, బండి విప్పితే లోపల ఏముంటుందో కూడా తెలిసిన మనిషి అన్నమాట.

1952 ఈస్టర్ సోమవారం గుడ్‌వుడ్ ట్రాక్‌లో కూపర్-బ్రిస్టల్ కారుతో ఒకేరోజు రెండు రేసులు గెలిచి అందరి దృష్టిలో పడ్డారు. మరుసటి ఏడాదికే ఫెరారీ నుంచి పిలుపు వచ్చింది. 1953 జులైలో ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో దిగ్గజం ఫాంజియోతో చివరి మలుపు దాకా పోరాడి, ఒక్క సెకను తేడాతో గెలిచారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు గెలిచిన తొలి బ్రిటన్ డ్రైవర్ ఆయనే. అప్పటికి వయసు 24 ఏళ్లు. మెడకు బో టై కట్టుకుని రేసులో దిగే ఈ పొడుగాటి కుర్రాడికి ఫ్రెంచి అభిమానులు సీతాకోకచిలుక అని ముద్దుపేరు పెట్టేశారు.

కష్టాలూ తక్కువేం కాదు. 1954లో సిరాక్యూస్ రేసులో కాళ్లు, చేతులు కాలాయి. అదే ఏడాది తండ్రి రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఆరోగ్యం బాగోలేక ఒక కిడ్నీ తీసేశారు. మిగిలిన ఒక్కటి కూడా తర్వాత్తర్వాత ఇబ్బంది పెడుతూనే వచ్చింది.

డ్రమ్మా.. డిస్కా?

అప్పట్లో రేసు కార్ల ప్రపంచంలో పెద్ద చర్చ ఇదే. డిస్క్ బ్రేక్ ఆలోచన కొత్తదేం కాదు. ఇంగ్లండ్ ఇంజినీర్ ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంట్ తీసుకున్నారు. అయితే పనితనం బయటపడింది మాత్రం 1953 లె మాన్స్ 24 గంటల రేసులో. డన్‌లప్ డిస్క్ బ్రేకులు బిగించిన జాగ్వార్ సి-టైప్ ఆ రేసు గెలిచింది.

తేడా ఏంటంటే.. డ్రమ్ బ్రేకులో షూలు మూసి ఉన్న డ్రమ్ లోపల రాసుకుంటాయి. వేడి బయటికి పోవడం కష్టం. వేడెక్కేకొద్దీ డ్రమ్ వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది. పెడల్ ఎంత తొక్కినా పట్టు తగ్గిపోతుంది. డిస్క్ అయితే గాలికి బయటే తిరుగుతుంది కాబట్టి త్వరగా చల్లబడుతుంది. వేడికి మందం పెరిగినా ప్యాడ్ల వైపే పెరుగుతుంది కాబట్టి పట్టు వదలదు. మలుపుకు ఇంకాస్త దగ్గరి దాకా వేగంగా వెళ్లి బ్రేక్ వేయొచ్చు. రేసులో అదే ప్రాణం.

లె మాన్స్.. ఆ చీకటి సాయంత్రం

1955 జూన్ 11. లె మాన్స్‌లో డిస్క్ బ్రేకుల జాగ్వార్ డి-టైప్ హాథార్న్ చేతిలో ఉంది. ఫాంజియో ఉన్న మెర్సిడెస్ జట్టు కార్లవి డ్రమ్ బ్రేకులు. అవి చాలవని డ్రైవర్ వెనక గాలికి అడ్డంగా లేచే పెద్ద రేకు కూడా పెట్టారు. సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో హాథార్న్ ముందున్న లాన్స్ మాక్లిన్ కారును దాటి, పిట్‌లోకి వెళ్లడానికి బ్రేక్ వేశారు. తప్పించుకోబోయిన మాక్లిన్ కారు ట్రాక్ మధ్యలోకి వచ్చింది. వెనక నుంచి దూసుకొచ్చిన పియర్ లెవె మెర్సిడెస్ దాన్ని ఢీకొట్టి ఎగిరి జనం మీద పడింది. లెవెతో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు ప్రాణాలు కోల్పోయారు.

జనం ఒక్కసారిగా రోడ్డెక్కితే అంబులెన్సులకు దారి ఉండదని రేసు ఆపలేదు. మెర్సిడెస్ అర్ధరాత్రి దాటాక తప్పుకుంది. హాథార్న్, ఐవర్ బ్యూబ్ జోడీ గెలిచింది. కానీ హాథార్న్ అంత ఆలస్యంగా బ్రేక్ వేయడం సరైందేనా అనే ప్రశ్న మాత్రం ఆయన్ను జీవితాంతం వెంటాడింది. అధికారిక విచారణ ఏ డ్రైవర్‌నూ దోషిగా తేల్చలేదు. మంచి బ్రేకులున్న కారు హఠాత్తుగా ఆగగలదు. మరి వెనక వచ్చేవాడు? ఆ ప్రశ్న ట్రాక్‌లకే కాదు, ఈరోజు హైవేలకూ వర్తిస్తుంది.

స్నేహితుడి బ్రేకులు

1957లో హాథార్న్ మళ్లీ ఫెరారీలో చేరారు. అక్కడ పీటర్ కాలిన్స్ సహచరుడు. ఇద్దరూ విడదీయలేని స్నేహితులు. 1958 ఫెరారీకి కన్నీళ్ల ఏడాది. జులైలో రీమ్స్‌లో హాథార్న్ గెలిచిన రేసులోనే లుయిజీ ముస్సో మరణించారు. ఆగస్టు 3న జర్మనీలోని న్యుర్‌బుర్గ్‌రింగ్‌లో కాలిన్స్ కారు ట్రాక్ తప్పింది. వెనకే వస్తున్న హాథార్న్ కళ్ల ముందే అది జరిగింది. కాలిన్స్ బతకలేదు. ఆ క్షణం నుంచే రేసింగ్ మీద హాథార్న్ మనసు విరిగిపోయింది.

ప్రత్యర్థి వాన్‌వాల్ కార్లకు అప్పటికే డిస్క్ బ్రేకులున్నాయి. ఎంజో ఫెరారీ మాత్రం డ్రమ్ములనే నమ్ముకున్నారు. హాథార్న్ డిస్క్‌లు కావాల్సిందేనని పట్టుబట్టారు. కాలిన్స్ తన సొంత ఫెరారీ 250 జీటీ కారుకు డన్‌లప్ డిస్క్ బ్రేకులు పెట్టించుకున్నారు. వాటినే విప్పి హాథార్న్ నడిపే డీనో 246 రేసు కారుకు అమర్చారు. ఆగస్టు 24న పోర్చుగల్ రేసు, సెప్టెంబర్ 7న ఇటలీలో మోంజా రేసు. మధ్యలో ఉన్నది రెండు వారాలే.

బిగిస్తే సరిపోదు.. సెట్ అవ్వాలి

కొత్త బ్రేకులు పెట్టగానే పూర్తి పట్టు రాదు. కొత్త ప్యాడ్లలో జిగురు పదార్థాలుంటాయి. మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు వాటి నుంచి వాయువు వెలువడి ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య పొరలా అడ్డుపడుతుంది. సరిగ్గా అవసరమైనప్పుడే బ్రేక్ జారిపోతుంది. అందుకే రేసు జట్లు ప్రాక్టీసులోనే కొత్త ప్యాడ్లను మెల్లగా వేడెక్కించి, చల్లార్చి సిద్ధం చేసుకుంటాయి.

పవర్‌ఫుల్ కారుకు మెరుగైన బ్రేకులు వేయించుకున్నవారికీ ఇదే సూత్రం. ఖాళీగా, సురక్షితంగా ఉన్న రోడ్డు మీద ఒక మోస్తరు వేగం నుంచి పూర్తిగా ఆగకుండా బాగా నెమ్మదించాలి. ఇలా పలుమార్లు, ఒత్తిడి కొంచెం కొంచెం పెంచుతూ చేయాలి. ప్యాడ్ పదార్థం సన్నటి పొరగా డిస్క్ అంతటా సమానంగా అంటుకుంటుంది. తర్వాత బ్రేక్ వాడకుండా కొంతదూరం నడిపి చల్లారనివ్వాలి. వేడి మీద బండి ఆపి పెడల్ తొక్కిపట్టి ఉంచితే మాత్రం ఆ పదార్థం ఒకేచోట మచ్చలా అంటుకుంటుంది. ఇక బ్రేక్ వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. ఎన్నిసార్లు, ఎంత వేగంలో అన్నది ప్యాడ్‌ను బట్టి మారుతుంది కాబట్టి తయారీదారు చెప్పిందే ఫాలో అవ్వాలి.

ఒక్క పాయింట్.. మూడు నెలలు

మోంజాలో కొత్త డిస్క్‌లతో హాథార్న్ ఆధిక్యంలోకి వచ్చారు. చివర్లో క్లచ్ మొరాయించడంతో టోనీ బ్రూక్స్ దాటేశారు. అయినా రెండో స్థానం చేజారలేదు. అక్టోబర్ 19న మొరాకోలోని కాసాబ్లాంకాలో ఆఖరి రేసు. మాస్ రేసు గెలిచి, ఫాస్టెస్ట్ ల్యాప్ కూడా కొట్టారు. సహచరుడు ఫిల్ హిల్ దారివ్వడంతో హాథార్న్ రెండో స్థానంలో వచ్చారు. టైటిల్ ఖాయమైంది. అంతకుముందు పోర్చుగల్‌లో హాథార్న్‌పై అనర్హత వేటు పడబోతే, ఆయన తరఫున సాక్ష్యం చెప్పి ఆ పాయింట్లు నిలబెట్టింది కూడా మాసే! కాసాబ్లాంకాలో కాలిన గాయాలతో స్టూవర్ట్ లూయిస్-ఎవాన్స్ ఆరు రోజులకు మరణించడంతో ఆ గెలుపు సంబరం కూడా మిగల్లేదు.

హాథార్న్ వెంటనే రిటైర్మెంట్ ప్రకటించేశారు. పెళ్లి కుదిరింది, గ్యారేజీ వ్యాపారం ఉంది. ఇక ప్రశాంతంగా బతకొచ్చనుకునే సమయం. 1959 జనవరి 22న గిల్డ్‌ఫర్డ్ బైపాస్‌పై తడి రోడ్డు మీద వేగంగా వెళ్తుండగా ఆయన జాగ్వార్ అదుపు తప్పింది. లారీని తాకి చెట్టును ఢీకొట్టింది. 29 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. రేసు ట్రాక్‌లో కాదు, మామూలు రోడ్డు మీద.

అదే ఏడాది ఫెరారీ తన ఫార్ములా వన్ కార్లకు డిస్క్ బ్రేకులు పెట్టింది. ఫార్ములా వన్‌లో రాణించిన బ్రిటన్, కామన్వెల్త్ డ్రైవర్లకు హాథార్న్ పేరిట ట్రోఫీ కూడా ఇస్తున్నారు.