చేతులు కడుక్కోమని పోరిన డాక్టరు సెమ్మెల్‌వైస్

ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలైతే పంచాయతీ వారు బావుల్లో చల్లించే బ్లీచింగ్ పౌడరు అందరూ ఎరిగినదే. ఆ పొడి కలిపిన నీళ్లతో డాక్టర్ల చేత చేతులు కడిగించి ఎందరో బాలింతల ప్రాణాలు నిలిపినవారు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. 1847లో ఆయన చేసిన ఆ పనిని నేడు ప్రపంచంలోని ఆస్పత్రులన్నీ నియమంగా పెట్టుకున్నాయి. ఆయన బతికి ఉండగా మాత్రం దానివల్ల ఆయనకు దక్కింది అవమానమే.

సెమ్మెల్‌వైస్ 1818 జులై 1న హంగరీ దేశంలోని బుడా పట్టణంలో జన్మించారు. నేటి బుడాపెస్ట్ నగరంలో అదొక భాగం. తండ్రి కిరాణా వర్తకుడు. పదిమంది సంతానంలో ఈయన ఐదోవారు. అప్పట్లో హంగరీ ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. 1837లో లా చదవడానికి రాజధాని వియన్నాకు వెళ్లిన సెమ్మెల్‌వైస్, అది మానేసి వైద్యంలో చేరారు. 1844లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. 1846 జులైలో వియన్నా పెద్దాస్పత్రి పురుళ్ల విభాగంలో ప్రొఫెసర్ క్లైన్ దగ్గర అసిస్టెంటుగా కుదిరారు.

ఆ ఆస్పత్రిలో పురిటి వార్డులు రెండు. 1840 నుంచి మొదటి వార్డును వైద్య విద్యార్థులకు, రెండో వార్డును మంత్రసాని పని నేర్చుకునే ఆడవాళ్లకు కేటాయించారు. రెంటిలోనూ చేరేవారు బీదసాదలే. గర్భిణులను ఒకరోజు ఒక వార్డులో, మర్నాడు రెండో వార్డులో చేర్చుకునేవారు. ఎవరు ఏ వార్డుకు వెళ్లేదీ వారు వచ్చిన రోజును బట్టి ఉండేది. కాని చావుల్లో మాత్రం ఎంతో తేడా. 1846లో మొదటి వార్డులో 4010 కాన్పులు జరిగితే 459 మంది తల్లులు చనిపోయారు. రెండో వార్డులో 3754 కాన్పులకు చనిపోయినవారు 105 మంది. పురుడు వచ్చిన కొద్ది రోజుల్లోనే చలి, జ్వరం, పొత్తికడుపు నొప్పితో మొదలై ప్రాణం తీసే ఆ జబ్బు బాలింత జ్వరం.

ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తాము మొదటి వార్డు రోజున వచ్చామని తెలియగానే గర్భిణులు మోకాళ్లమీద పడి తమను రెండో వార్డుకు పంపమని ఏడ్చేవారు. కొందరు వీధిలోనే కని, ఆ తర్వాత బిడ్డతో ఆస్పత్రికి చేరేవారు. అలా వీధిలో కన్నవారికి ఆ జ్వరం అంతగా వచ్చేది కాదు. పెద్ద పెద్ద డాక్టర్లు ఉన్న వార్డు కంటే వీధే నయమని తేలడం ఏ ఆస్పత్రికైనా తలవంపులే.

జబ్బుకు గాలి దోషమే కారణమని పెద్దలు చెప్పేవారు. రెండు వార్డులకూ ఒకే గాలి కదా అని సెమ్మెల్‌వైస్ ఆలోచించారు. జనం కిక్కిరిసి ఉండడం కారణమా అంటే రెండో వార్డులోనే జనం ఎక్కువ. మొదటి వార్డులో వెల్లకిలా పడుకోబెట్టి కాన్పు చేసేవారు, రెండో వార్డులో పక్కకు తిప్పి చేసేవారు. అదీ మార్పించి చూశారు. చావుకు దగ్గరైనవారి కోసం మతగురువు గంట మోగించుకుంటూ వార్డు మధ్యగా వెళ్లడంవల్ల భయపడి జబ్బు పడుతున్నారేమోనని ఆ గంటనూ ఆపించారు. ఏదీ పనిచేయలేదు. ప్రభుత్వం వేసిన కమిటీ అయితే పరదేశపు విద్యార్థుల మోటుతనమే కారణమని తేల్చి వారిని తగ్గించింది. ఎక్కడైనా పరాయివాడిమీద తోసేయడం తేలికే మరి. చావులు కొన్నాళ్లు తగ్గి మళ్లీ పెరిగాయి.

1847 మార్చిలో సెమ్మెల్‌వైస్ మిత్రుడు ప్రొఫెసర్ కొలెచ్కా మరణించారు. శవాన్ని కోసి చూపిస్తుండగా విద్యార్థి చేతిలోని కత్తి ఆయన వేలికి గుచ్చుకుంది. ఆ చిన్న గాయంతోనే ఒళ్లంతా విషమెక్కి పోయారు. ఆయన శవపరీక్ష కాగితాలు చదివిన సెమ్మెల్‌వైస్‌కు అందులో ఉన్నవన్నీ బాలింత జ్వరంతో పోయిన ఆడవాళ్ల శరీరాల్లో తాను చూసిన గుర్తులేనని తట్టింది. శవంలోని విషపదార్థం కత్తితో కొలెచ్కాకు ఎక్కితే, బాలింతలకు దాన్ని ఎక్కిస్తున్నది డాక్టర్ల చేతులు. మొదటి వార్డు విద్యార్థులు పొద్దున శవాలను కోసి, అవే చేతులతో వచ్చి పురుటి నొప్పులు పడుతున్న ఆడవాళ్లను లోపల పరీక్షించేవారు. మంత్రసానులకు శవాల పని లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఇక్కడ ఆయన మనసు ఎంత క్షోభించి ఉంటుందో ఊహించవచ్చు. కారణం కనిపెట్టాలన్న పట్టుదలతో ఆయనే ఎన్నో శవాలను కోశారు. తనవల్ల ఎందరు తల్లులు పోయారో భగవంతుడికే తెలుసునని తర్వాత తన గ్రంథంలో దాచుకోకుండా రాశారు.

సబ్బుతో కడిగినా చేతులకు శవాల వాసన పోయేది కాదు. వాసన పోగొట్టేదే విషాన్నీ పోగొడుతుందని తలచి 1847 మే నెల మధ్యలో వార్డులో క్లోరిన్ నీళ్లు పెట్టించారు. అది ఖరీదు కావడంతో బ్లీచింగ్ పౌడరు నీళ్లకు మారారు. చేతులు కడగనిదే గర్భిణిని ముట్టుకోరాదని కట్టడి చేశారు. సూక్ష్మజీవులవల్ల జబ్బులు వస్తాయన్న సంగతి అప్పటికి రుజువు కాలేదు. అయినా మందు సరిగ్గా తగిలింది. ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోయిన వార్డులో జూన్‌లో చావులు నూటికి రెండుకు దిగాయి. 1848లో 3556 కాన్పులకు 45 మంది పోయారు. ఆ ఏడాది మార్చిలోనూ, ఆగస్టులోనూ ఒక్క చావూ లేదు.

మధ్యలో మరో దెబ్బ తగిలింది. 1847 అక్టోబరులో గర్భాశయ క్యాన్సర్ ఉన్న ఒక గర్భిణి వార్డులో చేరింది. డాక్టర్లు వార్డులోకి వస్తూ చేతులు కడిగారు గాని, ఆమెను చూసి పక్క మంచానికి వెళ్లేటప్పుడు కడగలేదు. ఆమెతోపాటు పురుళ్లు పోసుకున్న పన్నెండు మందిలో పదకొండు మంది చనిపోయారు. విషం శవం నుంచే కాదు, చీము కారే బతికున్న మనిషి నుంచీ వస్తుందని అప్పుడు తెలిసింది. మంచానికీ మంచానికీ మధ్య చేతులు కడగాలని ఆయన నియమాన్ని బిగించారు. నేడు నర్సులకు, వార్డు సిబ్బందికి నేర్పే పాఠంలో ఇదే ముఖ్యం. రోగిని ముట్టుకోబోయే ముందు, ముట్టుకున్న తర్వాత, సూదిమందు, కట్టు వంటి పనికి ముందు, నెత్తురు, చీము తగిలిన తర్వాత, చివరకు రోగి మంచాన్ని, దుప్పటిని ముట్టుకున్నా చేతులు శుభ్రం చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చేతి తొడుగులు వేసుకున్నా సరే కడుక్కోవలసిందే. ఒకే తొడుగులతో ఇద్దరు రోగులను చూస్తే తొడుగు లేనట్టే లెక్క.

ఇంత స్పష్టంగా లెక్కలు కనబడుతున్నా పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే తమ చేతులతోనే తల్లులను చంపామని ఒప్పుకున్నట్టే. కీల్ నగరంలో మిహైలిస్ అనే డాక్టరు ఒప్పుకున్నారు. తాను పురుడు పోసిన దగ్గరి బంధువు ఒకామె అలాగే పోయిందని గ్రహించి, తట్టుకోలేక 1848లో రైలుకింద పడ్డారు. వియన్నాలో స్కోడా, హెబ్రా వంటి కొద్దిమంది సెమ్మెల్‌వైస్ పక్షాన నిలిచారు. ఆయన తప్పూ కొంత ఉంది. కనిపెట్టినదాన్ని వెంటనే రాసి నలుగురికీ పంపలేదు. రాయడమంటే ఆయనకు గిట్టదు. 1849లో ఆయన ఉద్యోగాన్ని పొడిగించలేదు. 1850లో పాఠాలు చెప్పుకోవడానికి అనుమతి ఇస్తూ, బొమ్మమీద మాత్రమే చూపించాలని షరతు పెట్టారు. ఆ అవమానంతో స్నేహితులకైనా చెప్పకుండా స్వదేశానికి వెళ్లిపోయారు.

పెస్ట్‌లోని సెయింట్ రోకస్ ఆస్పత్రిలో 1851 నుంచి జీతం లేకుండా పనిచేశారు. 1855 వరకు అక్కడ 933 కాన్పుల్లో బాలింత జ్వరంతో పోయింది ఎనిమిది మంది. 1855లో యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. 1857లో మారియా వైడెన్‌హోఫర్‌ను పెళ్లాడారు. ఐదుగురు పిల్లలు పుట్టగా ఇద్దరు పసితనంలోనే పోయారు. 1861 నాటికి గ్రంథం బయటికి వచ్చింది. యూరపులో పేరున్న డాక్టర్లు చాలామంది దాన్ని పట్టించుకోలేదు. దాంతో ఆయనకు సహనం నశించింది. తన మాట వినని ప్రొఫెసర్లను హంతకులని తిడుతూ బహిరంగ లేఖలు అచ్చువేయించారు. తిట్లు తినివచ్చి చేతులు కడుక్కునేవారెవరు? కలిసివచ్చేవారు కూడా దూరమయ్యారు.

1865 నాటికి ఆయన మతి చలించింది. ఆ జులై 30న పాత మిత్రుడు హెబ్రా తన కొత్త ఆస్పత్రి చూపిస్తానని నమ్మించి వియన్నాలోని పిచ్చాసుపత్రిలో చేర్పించారు. వెళ్లిపోబోతే అక్కడి కావలివాళ్లు పట్టుకుని కొట్టి కట్టేశారు. రెండు వారాలకే, ఆగస్టు 13న, 47వ ఏట కన్నుమూశారు. చేతి పుండు కుళ్లి నెత్తురులోకి విషం ఎక్కడమే మరణానికి కారణం. కొలెచ్కా పోయినదీ, వియన్నా తల్లులు పోయినదీ ఇటువంటి విషంతోనే.

సరిగ్గా ముందురోజు, ఆగస్టు 12న, గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జను కాలు విరిగిన పదకొండేళ్ల పిల్లవాడి గాయానికి కార్బాలిక్ యాసిడ్ గుడ్డ కట్టారు. గాయం చీము పట్టకుండా మానింది. 1879లో లూయీ పాశ్చర్ బాలింత జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని పారిస్‌లో డాక్టర్ల ఎదుటనే బొమ్మ గీసి చూపించారు. 1891లో సెమ్మెల్‌వైస్ అస్థికలను వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు తెచ్చారు. 1969లో అక్కడి వైద్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు వైద్య చరిత్ర మ్యూజియం. అస్థికలు ఆ ఇంటి ఆవరణలోనే ఉన్నాయి.