పతకంపై లేని పేరు

పాత సైనిక పతకాలు సేకరించేవారు చేతికి పతకం అందగానే ముందు అంచు తిప్పి చూస్తారు, ఎవరి పేరు చెక్కి ఉందోనని. దాని విలువ లోహంలో కన్నా ఆ పేరులోనే ఎక్కువ. అయితే నమూనా గీసినవారి పేరు అక్కడ కనిపించదు.

ఉక్కు నగరం భిలాయ్‌కి చెందిన నాయక్ కౌశల్ యాదవ్ 1999 జులై 25న కార్గిల్ యుద్ధంలో అమరుడయ్యారు. మరణానంతరం ఆయనకు దక్కిన వీర్ చక్రకు రూపమిచ్చిన సావిత్రి ఖానోల్కర్ పుట్టింది స్విట్జర్లాండ్‌లో, 1913లో. తండ్రి హంగరీ దేశస్థుడు, తల్లి రష్యన్. అసలు పేరు ఈవ్. బ్రిటన్‌లో సైనిక శిక్షణకు వచ్చిన విక్రమ్ ఖానోల్కర్‌ను ప్రేమించి, తండ్రి వద్దన్నా భారత్ వచ్చి 1932లో పెళ్లాడారు. సంస్కృతం నేర్చారు, పురాణాలు చదివారు.

ఆ చదువే దేశానికి అక్కరకొచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక విక్టోరియా క్రాస్ స్థానంలో మనదైన పతకం కావాలని మేజర్ జనరల్ హీరాలాల్ అటల్ ఆమెను అడిగారు. దధీచి ఎముకలతో చేసిన ఇంద్రుడి వజ్రాయుధం ఆమెకు తోచింది. పరమవీర చక్రపై జాతీయ చిహ్నం చుట్టూ ఉన్న నాలుగు వజ్రాయుధాలు అవే. కంచు పతకం, ఊదా రిబ్బన్.

తొలి పరమవీర చక్ర మేజర్ సోమనాథ్ శర్మకు, అదీ మరణానంతరమే. ఆయన సావిత్రి కుమార్తెకు స్వయానా బావగారు. 1952లో భర్త పోయాక సావిత్రి ఆధ్యాత్మిక చింతనలో గడిపి, 1990 నవంబరు 26న కన్నుమూశారు.