యల్లాప్రగడ సుబ్బారావు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి మూడవసారి ఉత్తీర్ణుడైనాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆయన సోదరులిద్దరిని స్ప్రూ అనే గ్రహణి వ్యాధి కొద్దిరోజుల వ్యవధిలో బలిగొన్నది. ఆ తరువాత ఆయన అమెరికా చేరాడు. ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్టపోసుకుంటూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించాడు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఆయన సారథ్యంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులకు అందని మందు ఆ విధంగా ఆ వ్యాధిగ్రస్తులకు లభించింది.

అసలు విశేషం ఆ తరువాతిది. రక్తకణాల వృద్ధికి ఫోలిక్ ఆమ్లం అవసరం. ల్యుకేమియా, అనగా రక్తపు క్యాన్సర్, వచ్చిన పిల్లలలో అదే ఆమ్లం రోగాన్ని పెంచుతున్నదని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అనుమానించాడు. అప్పుడు సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్‌ను అందించింది. కణం ఆహారమని భ్రమించి గ్రహించినదే దాని వృద్ధికి అడ్డుకట్ట అయిందన్నమాట! 1947-48లో ఆ మందు వాడిన పసివారిలో కొందరికి రోగం వెనుకపట్టు పట్టింది. అది తాత్కాలికమే. అయినా బిడ్డ మీద ఆశ వదులుకున్న తల్లిదండ్రులకు అది స్వల్ప విషయం కాదు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. గార్లదిన్నె వంటి కరవుసీమ గ్రామం నుంచి ల్యుకేమియా చికిత్సకు వెళ్ళే బిడ్డకైనా వైద్యులు వాడే మందులలో అది ఒకటి.

ఫార్బర్ ఫలితాలు 1948 జూన్‌లో ప్రకటితమైనాయి. ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు మరణించాడు. భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి వెళ్ళిన ఆయన ఒక్కసారైనా తిరిగి రాలేదు.