ఒంటిచేతి శోధకుడు - జాన్ వెస్లీ పవెల్

అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరుతి భాగమున ఎడారి నేలను చీల్చుకొని కొలరాడోనది ప్రవహించుచున్నది. లక్షలాది సంవత్సరములు ఆ నీరు రాతిని కోయగా ఏర్పడిన మహాగండికి గ్రాండ్ కాన్యన్ అని పేరు. దాని పొడవు 446 కిలోమీటర్లు. లోతు కొన్నియెడల 1,600 మీటర్లకు మించును. గండి గోడలలో ఎరుపు, పసుపు, బూడిద వన్నెల రాతిపొరలు పుస్తకపు పుటలవలె ఒకదానిపై నొకటి అమరియున్నవి. పైపొర వయస్సు సుమారు 27 కోట్ల సంవత్సరములు. అడుగున నున్న నల్లని శిలలు సుమారు 175 కోట్ల సంవత్సరములనాటివి.

స్థానిక తెగల ప్రజలు వేల ఏండ్లుగా ఆ గండి నెరిగియున్నను, 1869 వరకు దాని నదీమార్గము దేశపటములలో సరిగా గుర్తింపబడలేదు. ఆ లోపమును తీర్చుటకు పూనుకొన్నవాడు జాన్ వెస్లీ పవెల్.

పవెల్ 1834వ సంవత్సరము మార్చి 24వ తేదీన న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. తండ్రి మతబోధకుడు. కుమారుడును తనవలె బోధకుడు కావలెనని ఆయన కోరిక. కాని బాలుని మనస్సు రాళ్లపైనను, గవ్వలపైనను, మొక్కలపైనను నిలిచెను. బానిసత్వమును ద్వేషించిన పవెల్ అంతర్యుద్ధమున ఉత్తరసేనలో చేరెను. 1862 ఏప్రిల్‌లో షైలో యుద్ధమున తుపాకిగుండు తగులుటచే వైద్యులు అతని కుడిచేతిని మోచేతి దిగువన తీసివేసిరి. గాయము మానిన పిమ్మట అతడు మరల సేనలో చేరెను. యుద్ధానంతరము భూగర్భశాస్త్ర బోధకు డయ్యెను.

1869 మే 24న తొమ్మండుగురు సహచరులతో, నాలుగు పడవలపై, పది నెలలకు సరిపడు ఆహారముతో పవెల్ గ్రీన్‌నదిపై బయలుదేరెను. ఆ నది కొలరాడోలో కలియును. రెండు వారములు దాటగనే ఒక పడవ బండలకు కొట్టుకొని ముక్కలయ్యెను. మనుష్యులు బ్రతికిరి గాని ఆహారములో పెద్ద భాగము నీటిపాలయ్యెను. ఎత్తులను కొలుచుటకు తెచ్చిన భారమితులు పగిలిన పడవలోనే చిక్కుకొనగా, సహచరులు ప్రాణములకు తెగించి వానిని తెచ్చిరి.

ఒకనాడు పవెల్ బ్రాడ్లీ అను సహచరునితో నిటారైన కొండ నెక్కుచుండెను. నడుమ ఒకచోట ముందుకు పోలేక, వెనుకకు రాలేక, ఒంటిచేత రాతిని పట్టుకొని నిలిచిపోయెను. కాళ్లు వణకసాగెను. త్రాడు లేదు. పైనున్న బ్రాడ్లీ వెంటనే తన లోపలి లాగును విప్పి క్రిందికి వ్రేలాడదీసెను. పవెల్ ఉన్న ఒక్క పట్టును విడిచి దాని నందుకొని ప్రాణములు దక్కించుకొనెను.

జూలైలో ఒకడు విరమించుకొనగా, తక్కినవారు ఆగస్టు 13న మహాగండిలో అడుగిడిరి. పిండి తడిసి చెడెను, మాంసము మురిగిపోయెను. అట్టి స్థితిలోను పవెల్ గోడల ఎత్తును, రాతిపొరల తీరును వ్రాసికొనుట మానలేదు. ఆగస్టు 28న భయంకరమైన జలపాతము నెదుట మువ్వురు సహచరులు ముందుకు రాలేమనిరి. ఆ ముందు రాత్రి పవెల్ నిద్రలేక ఇసుకపై పచార్లు చేసెను. ఉదయమున వారికి తుపాకు లిచ్చి, స్నేహముతో సాగనంపెను. మిగిలిన ఆర్గురు పడవలను సుడులలోనికి వదలి, ప్రాణములతో బయటపడి, రెండు దినములలో గండిని దాటిరి. గట్టెక్కి పోయిన మువ్వురు మాత్రము దారిలో చంపబడిరి.

పవెల్ 1871-72లో మరల ఆ నదిపై పయనించి పటములను సిద్ధపరచెను. 1881 నుండి 1894 వరకు ప్రభుత్వ భూగర్భ పరిశోధన శాఖకు అధిపతిగా నుండెను. పశ్చిమ భూములకు నీరు మితముగా నున్నదనియు, దానినిబట్టియే సేద్యమును ఏర్పరచుకొనవలెననియు 1878లో నివేదిక వ్రాసెను. 1893లో లాస్ ఏంజిలిస్ నగరమున నీటిపారుదల సభలో అదియే మాట చెప్పగా సభికులు కేకలు వేసి నిరసించిరి. అయినను అతడు తన మాటను మార్చుకొనలేదు.

1902 సెప్టెంబరు 23న పవెల్ మరణించెను. 1919లో మహాగండి జాతీయవనమయ్యెను. నేడు కొలరాడో నీరు పొలములకును నగరములకును వినియోగమై, పెక్కు సంవత్సరములు సముద్రమును చేరుటయే లేదు. సుడిగుండముల నెదుర్కొనుటకు ధైర్యము కావలెను. ఎరిగిన సత్యమును నిండుసభలో పలికి, నిందను సహించుటకు అంతకు మించిన ధైర్యము కావలెను. పవెల్ యందు ఈ రెండును కలవు.