తండ్రి బాకీ

సర్ జగదీశ్ చంద్ర బోసు పేరు చెప్పగానే మనలో చాలామందికి చిన్న తరగతుల్లో చదువుకున్న సంగతి ఒక్కటే గుర్తుకొస్తుంది. మొక్కలు కూడా మనలాగే స్పందిస్తాయని యంత్రం పెట్టి చూపించిన మనిషి అని. కాస్త పైతరగతులకు వచ్చాక, రేడియో తరంగాల మీద పనిచేశాడని కూడా తెలుస్తుంది. కాని ఆ పెద్దమనిషి ఉద్యోగంలో చేరిన మొదటి రోజుల్లో నెత్తిన తండ్రి చేసిన అప్పుతో, చేతికి జీతం రాకుండా బతికాడనే సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఉండదు. నేను రైతు ఇంటి నుంచి వచ్చినవాణ్ణి. అప్పు అనే మాట పుట్టినప్పటి నుంచీ వింటున్నవాణ్ణి. అందుకే ఈ సావనీరుకి వ్యాసం రాయమన్నప్పుడు ఆయన ప్రయోగాల గురించి కాక, ఆయన బాకీల గురించి రాయాలనిపించింది.

బోసు 1858 నవంబరు 30న తూర్పు బెంగాలులో పుట్టాడు. ఇప్పుడది బంగ్లాదేశ్. ఆ కుటుంబం సొంత ఊరు విక్రమపూర్ ప్రాంతంలోని రాఢీఖాల్ గ్రామం. తండ్రి భగవాన్ చంద్ర బోసు డిప్యూటీ మేజిస్ట్రేటు. తల్లి వామసుందరీ దేవి. ఆ రోజుల్లో అంత ఉద్యోగం చేసే తండ్రి కొడుకుని ఇంగ్లీషు బడిలో వేయడం రివాజు. భగవాన్ చంద్ర మాత్రం కొడుకుని ఫరీద్‌పూర్‌లో బెంగాలీ బడికే పంపాడు. ఆ బడిలో అతని పక్కన కూర్చున్నవాళ్ళు ఒక జాలరి కొడుకు, ఇంట్లో పనిచేసే ముస్లిం బంట్రోతు కొడుకు. సొంత భాష, సొంత జనం తెలియకుండా వచ్చే చదువు చదువు కాదని ఆ తండ్రి నమ్మకం.

అలాంటి తండ్రి అప్పులపాలెలా అయ్యాడు? తాగి కాదు, జూదమాడి కాదు. ఆయనకు ఒకటే పిచ్చి, మన దేశంలో పనులు పుట్టాలని. ఫరీద్‌పూర్‌లో వ్యవసాయానికీ చేతిపనులకూ సంత పెట్టించాడు. బర్దవాన్‌లో విషజ్వరాలు వచ్చి ఊళ్ళకి ఊళ్ళు పాడుపడినప్పుడు, దిక్కులేని పిల్లలకు పని నేర్పించడానికి సొంత ఇంటి ఆవరణలోనే వడ్రంగం, కమ్మరం లాంటి పనుల బడి నడిపాడు. అస్సాంలో తేయాకు తోట వేశాడు. బొంబాయిలో నేత కంపెనీ మీద డబ్బు పెట్టాడు. తోటలో ఏళ్ళ తరబడి నష్టం వచ్చింది. నేత కంపెనీ మునిగింది. చేసిన అప్పుకి వడ్డీ పెరిగింది. ఆరోగ్యం కూడా దెబ్బతిన్నది. మంచి పని కోసం చేసిన అప్పయినా, చెడ్డ పనికి చేసిన అప్పయినా వడ్డీ లెక్కలో తేడా ఉండదు కదా!

జగదీశ్ కలకత్తాలో సెయింట్ జేవియర్స్ కాలేజీలో చదివాడు. అక్కడ ఫాదర్ లఫోఁ అనే ఫిజిక్సు మాస్టారు ప్రయోగాలు చేసి చూపించే తీరుకి ఆకర్షితుడయ్యాడు. డిగ్రీ అయ్యాక ఇంగ్లండు వెళ్ళి ఐ.సి.ఎస్. పరీక్ష రాయాలని అతని ఆలోచన. పెద్ద జీతం వస్తే నాన్న అప్పు తీర్చవచ్చునని లెక్క. ఇలాంటి లెక్క మన హాస్టల్ గదుల్లో ఎంతమంది వేసుకుంటున్నారో నాకు తెలుసు. అయితే విచిత్రం, తండ్రే వద్దన్నాడు. తాను అధికారిగా బతికినవాడు, కొడుకు అధికారి కావడం ఇష్టపడలేదు. పండితుడైతే చాలునన్నాడు. తల్లి మొదట సముద్రం దాటి వెళ్ళడానికే ఒప్పుకోలేదు. అప్పటికే ఒక కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఆమె. చివరికి తానే మనసు మార్చుకుని, తన నగలు అమ్మి పంపిస్తానని ముందుకొచ్చింది. తండ్రి కాస్త కోలుకుని మళ్ళీ ఉద్యోగంలో చేరడంతో ఆ నగలు అమ్మే అవసరం రాలేదు.

1880లో లండను వెళ్ళి వైద్యంలో చేరాడు. అంతకుముందే అస్సాంలో పట్టుకున్న జ్వరం వదలక తిరగబెట్టడంతో వైద్యం మానేసి కేంబ్రిడ్జిలో క్రైస్ట్స్ కాలేజీకి మారాడు. లార్డ్ రేలీ లాంటి మహానుభావుడి దగ్గర ఫిజిక్సు నేర్చుకున్నాడు. 1884లో కేంబ్రిడ్జి డిగ్రీ, లండన్ యూనివర్సిటీ బి.యస్సీ. రెండూ పుచ్చుకుని, మరుసటి సంవత్సరం ఇండియా వచ్చాడు.

వైస్రాయి లార్డ్ రిప్పన్‌కి సిఫారసు ఉత్తరం ఉన్నా, కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం ఇవ్వడానికి విద్యాశాఖ అధికారులు నొసలు చిట్లించారు. సైన్సు చెప్పడానికి భారతీయుడు పనికిరాడని వాళ్ళ అభిప్రాయం. తప్పనిసరై 1885లో ఫిజిక్సు ప్రొఫెసరుగా తాత్కాలికంగా వేసుకున్నారు. ఆనాటి పద్ధతి ఏమిటంటే, ఒకే ఉద్యోగంలో ఇంగ్లీషువాడికి ఇచ్చే జీతంలో మూడింట రెండు వంతులే భారతీయుడికి. బోసుది తాత్కాలికం గనుక అందులోనూ సగమే. అంటే తెల్లవాడికి మూడు రూపాయలు ముట్టే చోట ఈయనకు ఒక్క రూపాయి. పాఠాలు మాత్రం సమానం!

బోసు పాఠం చెప్పడం మానలేదు. గొడవ చెయ్యలేదు. జీతం తీసుకోవడం మానేశాడు. నెల నెలా వచ్చినదాన్ని ముట్టకుండా తిప్పి పంపించాడు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, మూడు సంవత్సరాలు.

మిత్రులారా, ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగాలి. ఇంటి మీద అప్పులవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇంటికి పెద్ద దిక్కయిన కొడుకు వచ్చే జీతాన్ని కాదంటున్నాడు. మా ఊళ్ళో అయితే వీడికి మతి పోయిందనేవారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. మూడో వంతయినా తీసుకుంటే కొంత వడ్డీ అయినా తగ్గేది కదా అని. కాని ఆయన చేసిన మిగతా పనులు చూస్తే తెలుస్తుంది, ఆయన అప్పుని మరిచిపోయి ఈ పంతం పట్టలేదని.

ఉద్యోగంలో చేరాక తండ్రి బాకీల లెక్కంతా తన మీద వేసుకున్నాడు. పూర్వీకుల నుంచి వచ్చిన ఊరి ఆస్తి అమ్మేశాడు. దాంతో సుమారు సగం బాకీ తీరింది. తల్లి తన సొంత ఆస్తి కూడా ఇచ్చింది. అది కలిపితే ముప్పాతిక వంతు తీరింది. మిగిలిన పాతిక వంతు తానే సంపాదించి తీరుస్తానని పూనుకున్నాడు. పొలం అమ్మడమంటే ఏమిటో రైతుబిడ్డలకు వేరే చెప్పక్కరలేదు. కాయితం మీద సంతకం ఒక్క నిమిషం పని. ఆ గట్టు మీద మళ్ళీ నడవలేకపోవడం జన్మంతా ఉంటుంది.

ఇక పొదుపు. 1887లో బోసుకి పెళ్ళయింది, అంటే జీతం చేతికి రాని రోజుల్లోనే. భార్య అబలా దాస్. ఆమె సామాన్యురాలు కాదు. బెంగాలులో ఆడపిల్లలను వైద్య కళాశాలలో చేర్చుకోని రోజుల్లో ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద మద్రాసు వచ్చి మెడికల్ కాలేజీలో చదువుకుంది. ఆరోగ్యం బాగులేక చదువు పూర్తి చెయ్యలేకపోయింది. పేరున్న లాయరు గారి అమ్మాయి. అయినా ఆ కాపురంలో లోటుబాట్లకు గొణుగుడు లేదు.

కలకత్తాలో ఇంటి అద్దెలు భరించలేక భార్యాభర్తలు చందర్‌నగర్‌లో కాపురం పెట్టారు. మన యానాం లాగే అది కూడా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరు, హుగ్లీ నది ఒడ్డున ఉంటుంది. రైలు ఎక్కాలంటే నది దాటాలి. దానికోసం ఒక చిన్న పడవ సంపాదించారు. పొద్దున్నే బోసు తానే తెడ్డు వేసి అవతలి ఒడ్డుకి వెళ్ళేవాడు. అక్కణ్ణించి రైల్లో కలకత్తా. వెంట వచ్చిన అబల ఖాళీ పడవని ఒంటరిగా నడుపుకుంటూ ఇంటికి తిరిగి వచ్చేది. సాయంత్రం మళ్ళీ పడవ తీసుకుని ఎదురు వెళ్ళేది. కేంబ్రిడ్జి డిగ్రీ ఉన్న ప్రొఫెసరు, మద్రాసులో వైద్యం చదివిన ఇల్లాలు, అద్దె డబ్బులు మిగిలించడానికి రోజూ నది దాటడం! మనలో బస్సు పాసు అయిపోతే కాలేజీ మానేసేవాళ్ళం దీన్ని కాస్త తలుచుకోవాలి.

మూడేళ్ళు గడిచాయి. ఈ మూడేళ్ళూ ఆయన పాఠాల్లో వంక పెట్టడానికి ఎవరికీ సందు దొరకలేదు. ప్రయోగాలు చేసి చూపిస్తూ చెప్పే పాఠాలకు విద్యార్థులు ఎగబడేవారు. మొదట వ్యతిరేకించిన విద్యాశాఖ డైరెక్టరు క్రాఫ్ట్, ప్రిన్సిపాలు టానీ ఇద్దరూ చివరికి ఆయన యోగ్యత ఒప్పుకున్నారు. ఉద్యోగం ఖాయమైంది. అదీ చేరిన రోజు నుంచే వర్తించేలా. మూడేళ్ళ పూర్తి జీతం ఒకేసారి చేతికి వచ్చింది.

ఆ డబ్బుతో ఆయన ఏం చేశాడు? కొత్త ఇల్లు కట్టలేదు. బండి కొనలేదు. తండ్రి బాకీలకు కట్టాడు. ఆ తరువాత కూడా పొదుపుగానే ఉండి మిగిలినదంతా పైసాతో సహా తీర్చేశాడు. అప్పు తీరిందన్న సంగతి తెలిశాకే 1892లో తండ్రి కన్నుమూశాడు. 1894లో తల్లి పోయింది. ఆ వయసులో ఆ ఇద్దరూ ఎవరికీ తల వంచకుండా వెళ్ళగలిగారంటే దాని విలువ రూపాయల్లో చెప్పలేం.

ఇప్పుడు ఒక సంగతి గమనించండి. 1894 నవంబరు 30న, సరిగ్గా 36 ఏళ్ళు నిండిన రోజున, ఇక తన జీవితం పరిశోధనకేనని బోసు నిశ్చయించుకున్నాడు. అంటే మనం పుస్తకాల్లో చదువుకునే బోసు అప్పు తీరిన తరువాత మొదలైన బోసు! కాలేజీలో ప్రయోగశాల లేదు. చిన్న గది ఒకటి చూసుకుని, ఒక రేకుల పనివాడికి తానే పని నేర్పి, సొంత డబ్బుతో పరికరాలు చేయించుకున్నాడు. పొదుపులో బతికిన మనిషికి తక్కువ సరుకుతో పని జరుపుకోవడం కొత్త కాదు. 1895లో కలకత్తా టౌన్‌హాలులో తీగలు లేకుండా విద్యుత్ తరంగాలను గోడల గుండా పంపి, దూరంగా ఉన్న గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపించాడు. ఆయన వాడిన తరంగాలు మిల్లీమీటర్లలో కొలిచేవి. ఇవాళ మన ఫోన్లలో ఫైవ్ జీ అంటున్నామే, అందులో ఒక భాగం ఆ మిల్లీమీటరు తరంగాల మీదే నడుస్తుంది.

డబ్బు అవసరం అంత దగ్గర నుంచి చూసినవాడు డబ్బు వెనక పడాలి కదా? ఆయన పడలేదు. 1901లో ఒక కంపెనీవాళ్ళు ఆయన కనిపెట్టిన పరికరానికి పేటెంటు తీసుకుందాం, లాభంలో వాటా ఇస్తామని వచ్చినా ఒప్పుకోలేదు. శ్రేయోభిలాషులు పట్టుబట్టి అమెరికాలో పేటెంటు తీయించారు. అది 1904లో మంజూరైనా దాన్నుంచి ఆయన లాభం తీసుకోలేదు. 1915లో రిటైరయ్యాక, 1917 నవంబరు 30న, తన పుట్టినరోజునే, కలకత్తాలో బోస్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించాడు. జీవితమంతా కూడబెట్టిన డబ్బు దానికి పెట్టాడు. 1937 నవంబరు 23న గిరిడీలో కాలం చేశాడు. అబలా బోసు ఆడపిల్లల చదువు కోసం పనిచేస్తూ 1951 దాకా బతికింది.

ఇది చదివి ఎవరైనా అడగవచ్చు. బోసుకి అమ్మడానికి ఆస్తి ఉంది, కేంబ్రిడ్జి డిగ్రీ ఉంది, ఇవి లేనివాడు జీతం వద్దంటే పొయ్యి ఎలా వెలుగుతుందని. న్యాయమైన ప్రశ్నే. అందరూ అలా చెయ్యాలని నేను అనను. నాకు పట్టిన సంగతి వేరే ఉంది.

మా నాన్న మెట్ట పొలంలో మూడు బోర్లు వేయించాడు. రెండింటిలో చుక్క పడలేదు. మూడోది రెండేళ్ళు పోసి ఎండిపోయింది. ఆ నోట్లు ఏటేటా తిరగరాస్తూనే ఉన్నాం. నాకు నాన్న మీద చాలాకాలం కోపం ఉండేది. మూడో బోరు ఎందుకు వేయించావని ఒకసారి నలుగురి ముందు అడిగాను కూడా. నాన్న ఏమీ అనలేదు, తుండుగుడ్డ దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. బోసు కథ చదివాక నాకు సిగ్గేసింది. ఎందుకంటే బోసు తండ్రి బాకీలు తీర్చాడు కాని తండ్రిని ఎన్నడూ తప్పు పట్టలేదు. పైగా తరవాతి రోజుల్లో పెద్ద సభల్లోనే తండ్రి ప్రయత్నాల గురించి చెప్పుకుని, అలాంటి ఓటమి గెలుపు కంటే తక్కువేమీ కాదన్నాడు. మా నాన్న దేశం కోసం బోరు వేయించలేదు, నిజమే. కాని నా హాస్టలు ఫీజు ఆ నీళ్ళలోంచే రావాలనుకున్నాడు.

ఇప్పుడు నేను సాయంత్రాలు ఇద్దరు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. సినిమాలూ క్యాంటీనూ తగ్గించాను. వచ్చేది కొంచెమే. అయినా ఈ సంక్రాంతికి ఇంటికెళ్ళి ఆ కొంచెం నాన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని లెక్కపెట్టకుండానే తీసుకెళ్ళి, నోటు వెనకాల చెల్లు వేయించుకొచ్చాడు. మొదటిసారి అసలులో తగ్గింది.

– తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి