యాస మార్చుకోలేదు.. నిజం దాచలేదు
బేస్‌బాల్ కామెంటేటర్ రెడ్ బార్బర్

బళ్ళారి కానీ, బరంపురం కానీ, హోసూరు కానీ.. మనం నోరు విప్పగానే ఏ ఊరు మీది అని అడిగేవాళ్లు ఒకరైనా తగులుతారు. మాట తీరే మన ఊరు చెప్పేస్తుంది. అమెరికాలో ఒకాయన ఆ మాట తీరుతోనే పరాయి మహానగరాన్ని రేడియో ముందు కూర్చోబెట్టారు. ఆయనే రెడ్ బార్బర్.

ఆవుల వ్యాసంతో మొదలు

అసలు పేరు వాల్టర్ లానియర్ బార్బర్. జుట్టు ఎర్రగా ఉండటంతో 'రెడ్' అయ్యారు. 1908 ఫిబ్రవరి 17న మిసిసిపీ రాష్ట్రంలోని కొలంబస్‌లో పుట్టారు. ఫ్లోరిడాలో పెరిగారు. చిన్నాచితకా పనులు చేసుకుంటూ యూనివర్సిటీలో చదివారు. 1930లో అక్కడి రేడియోలో వ్యాసం చదవాల్సిన ప్రొఫెసర్ రాకపోవడంతో ఆ కాగితాలు బార్బర్ చేతికొచ్చాయి. విషయమేమిటంటే, ఆవులు ఈనేటప్పుడు వచ్చే ఇబ్బందులు! మైకు రుచి అలా తెలిసింది.

1934లో సిన్సినాటి రెడ్స్ జట్టు ఆటలు చెప్పే ఉద్యోగం దొరికింది. పెద్ద లీగు ఆటను ఆయన జీవితంలో మొదటిసారి చూసింది, తాను కామెంట్రీ చెప్పిన రోజునే. మైకు పక్కన మూడు నిమిషాల ఇసుక గడియారం పెట్టుకునేవారు. ఇసుక కిందికి జారగానే స్కోరు చెప్పి, గడియారం తిరగేసేవారు. మధ్యలో రేడియో పెట్టినవాళ్లు తికమక పడకూడదని ఈ ఏర్పాటు.

నగరంలో పల్లె మాట

రేడియోలో వింటే జనం స్టేడియానికి రారన్న భయంతో న్యూయార్క్ జట్లు అప్పట్లో కామెంట్రీని రానివ్వలేదు. 1939లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు ఆ కట్టుబాటును తెంచి బార్బర్‌ను తెచ్చుకుంది. ఉత్తరాది నగరంలో దక్షిణాది యాస! ఆయన దాన్ని దిద్దుకోలేదు. ఒక జట్టు చెలరేగి ఆడితే బఠాణీ మడిని చీల్చేస్తోందనేవారు. మంచి రోజులొచ్చినవాణ్ని ఏపుగా పెరిగిన పత్తిచేలో నడుస్తున్నాడనేవారు. ఆ మాటలు బ్రూక్లిన్ జనం నోట పడ్డాయి. అదే ఏడాది ఆగస్టు 26న టీవీలో చూపిన మొదటి పెద్ద లీగు బేస్‌బాల్ ఆటకూ ఆయనే కామెంటేటర్.

ఆ రాత్రి ఇంట్లో

1945లో జట్టు అధిపతి బ్రాంచ్ రికీ ఆయనకు ఒక రహస్యం చెప్పారు. నల్లజాతి ఆటగాణ్ని జట్టులోకి తెస్తున్నానని. అప్పటికి పెద్ద లీగుల్లో నల్లవారికి చోటు లేదు. నల్లవారిని దూరంగా ఉంచే సమాజంలో పెరిగిన బార్బర్, ఇంటికెళ్లి ఉద్యోగం మానేస్తానని భార్య లైలాతో అన్నారు. తొందరపడొద్దని ఆమె ఆపారు. రోజుల తరబడి ఆలోచించారు. ఏ రంగుతో పుట్టాలో తాను ఎంచుకోలేదు కదా అన్న ప్రశ్న దగ్గర ఆగారు. తన పని కళ్లముందు జరిగిన ఆట చెప్పడమేనని తేల్చుకున్నారు.

1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ మైదానంలో దిగారు. ప్రేక్షకుల్లో, ఎదుటి జట్లలో తిట్లు, ఎగతాళి. బార్బర్ మాత్రం రాబిన్సన్ కొట్టిన దెబ్బ, తీసిన పరుగు.. మిగతా ఆటగాళ్లకు చెప్పినట్టే చెప్పారు. ఆ గొంతు దక్షిణాదిది కావడమే దానికి బలం.

413 మంది

పారితోషికం గొడవతో 1953లో డాడ్జర్స్‌ను వదిలి యాంకీస్‌కు మారారు. 1966 సెప్టెంబర్ 22న, అట్టడుగున ఉన్న యాంకీస్ ఆటకు వచ్చింది 413 మందే. స్టేడియంలో 60 వేలకు పైగా సీట్లు. ఖాళీ సీట్లు చూపించమని బార్బర్ అడిగితే కెమెరా తిప్పలేదు. ఆ రోజు అసలు వార్త ఆ ఖాళీయేనని ఆయన మైకులోనే చెప్పేశారు. కొద్ది రోజులకే కాంట్రాక్టు పొడిగించబోమన్నారు. 33 ఏళ్ల పెద్ద లీగు కామెంట్రీ అక్కడ ముగిసింది.

1978లో బేస్‌బాల్ కామెంటేటర్లకిచ్చే ఫోర్డ్ ఫ్రిక్ అవార్డును మెల్ అలెన్‌తో కలిసి మొట్టమొదట అందుకున్నారు. 1981 నుంచి నేషనల్ పబ్లిక్ రేడియోలో ప్రతి శుక్రవారం ఆటల గురించీ, పెరటి పూల గురించీ మాట్లాడేవారు. 1992 అక్టోబర్ 22న తల్లహసీలో కన్నుమూశారు.

డాడ్జర్స్‌లో ఆయన దగ్గర పని నేర్చిన విన్ స్కల్లీ 2016 దాకా మైకు పట్టారు. ఎవర్నీ అనుకరించొద్దని, తనలా తాను మాట్లాడాలని బార్బర్ చెప్పిన పాఠాన్ని స్కల్లీ చివరిదాకా తలచుకునేవారు. సొంతూరి నుంచి వెంట తెచ్చుకున్నవాటిలో యాసను ఉంచుకుని, వివక్షను వదిలేసిన మనిషి చెప్పిన పాఠం అది.